పగిలిన ముక్కను కూడా చూపించండి: ప్రాచీన ఈజిప్టు వీడియోలు చేసే తెలుగు మిత్రులకు బహిరంగ లేఖ

ప్రాచీన ఈజిప్టు మీద తెలుగులో వీడియోలు చేస్తున్న మిత్రులందరికీ,

నమస్కారం. ఇందులో ఏ ఛానెల్ పేరూ ఎత్తను, ఎందుకంటే ఇది ఏ ఒక్కరి మీదా ఫిర్యాదు కాదు. పిరమిడ్ల గురించి, మమ్మీల గురించి, ఫారోల గురించి మన పిల్లలు ఇవాళ తెలుగులో వింటున్నారంటే అందులో మీ కష్టం చాలా ఉంది. స్కూలు పుస్తకంలో నాలుగు లైన్లతో అయిపోయే విషయాన్ని మీరు అరగంటసేపు కదలకుండా కూర్చోబెట్టి చెప్పగలుగుతున్నారు. ఆ శక్తి మీ దగ్గర ఉంది కాబట్టే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

విషయం ఈజిప్టు రాతి పాత్రలు. ఈ మధ్య వీటి మీద వీడియోలు వరసగా వస్తున్నాయి. నిగనిగలాడే ఒక రాతి కూజా, ఎక్కడా చిన్న పెచ్చు కూడా ఊడలేదు, పక్కనే దాన్ని కంప్యూటర్‌లో స్కాన్ చేసిన రంగురంగుల బొమ్మ, వెనక గంభీరమైన మ్యూజిక్, "రాగి పనిముట్లు తప్ప ఇంకేమీ లేని మనుషులు దీన్ని చేశారంటే మీరు నమ్ముతారా?" అన్న ప్రశ్న. ఆ తర్వాత మాయమైపోయిన మహా నాగరికత అని ఒకరు, వేరే గ్రహం వాళ్లని ఇంకొకరు.

నేను అడిగేది ఒక్కటే. ఆ నిండు కూజాతో పాటు పగిలిన ముక్కను కూడా ఒకటి చూపించండి. మ్యూజియంలలో అలాంటివి వేలకు వేలు ఉన్నాయి, చాలావరకు అద్దాల బీరువాల్లో కాకుండా స్టోర్ గదుల సొరుగుల్లో, ఒక నంబరు వేసిన అట్టపెట్టెలో ఉంటాయి. అరచేతిలో పట్టేంత ముక్క, అంచు దగ్గరదో, పొట్ట దగ్గరదో. చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి ఎవరూ థంబ్‌నెయిల్‌గా పెట్టుకోరు. కానీ "ఎలా చేశారు" అన్న మీ ప్రశ్నకు జవాబు చాలావరకు దాని మీదే ఉంది.

ఎందుకంటే నిండు కూజా లోపలి భాగాన్ని దాచేస్తుంది. ఇరుకు మూతి, ఉబ్బిన పొట్ట ఉన్న కూజాలో మనకు కనిపించేది బయటి నునుపు మాత్రమే. చేసినవాళ్లు ఆ బయటి వైపును అద్దంలా వచ్చేదాకా రుద్దారు, రుద్దడంతో పనిముట్టు గుర్తులన్నీ పోయాయి, అది వాళ్ల నైపుణ్యం. లోపల అలా కాదు. చెయ్యి పట్టదు, ఎవరూ చూడరు, కాబట్టి చాలా పాత్రల్లో లోపలి వైపును మెరుగు పెట్టకుండా వదిలేశారు. పాత్ర పగిలితే ఆ లోపలి వైపు బయటపడుతుంది. చూస్తే అడ్డంగా గీతలు, ఒకదాని కింద ఒకటి, వలయాలు వలయాలుగా. కొన్నిచోట్ల ఒక వరస గీతలు ఆగి చిన్న మెట్టులాంటిది వచ్చి ఇంకో వరస మొదలవుతుంది, అక్కడ పనివాడు బరమా రాయిని మార్చి ఇంకాస్త పెద్దది పెట్టాడు. గోడ మందం అంతటా ఒకేలా ఉండని ముక్కలూ ఉన్నాయి, ఒక పక్క పల్చగా, ఇంకో పక్క మందంగా, అంటే పనిముట్టు కొంచెం పక్కకు జరిగింది. కొన్ని పాత్రల అడుగున గొట్టంతో తొలిచిన గుండ్రటి గాడి ఇంకా మిగిలే ఉంది. సగంలో ఆపేసిన పాత్రలు కూడా మ్యూజియంలలో ఉన్నాయి, అవైతే పని ఏ వరసలో జరిగిందో తెరిచి చూపిస్తాయి.

ఆ వరస ఇది. ముందు రాతిని రాతితోనే కొట్టి, గీకి, రుద్ది బయటి ఆకారం తెచ్చేవాళ్లు. ఆ తర్వాతే లోపల తొలిచేవాళ్లు, సమాధుల గోడల మీద చెక్కిన, గీసిన దృశ్యాల్లో పనివాడి ముందున్న కూజా బయటి నుంచి పూర్తయిపోయి కనిపిస్తుంది, పైన బరమా తిప్పుతూ ఉంటాడు. సక్కారాలో తీ అనే అధికారి సమాధిలోనూ, అంతకు దాదాపు వెయ్యేళ్ల తర్వాత థీబ్స్‌లో రెఖ్మిరె సమాధిలోనూ ఈ పని కనిపిస్తుంది. ఆ బరమా అంటే ఒక కర్ర, పైన వంకర పిడి, పిడి కింద రెండు పక్కలా బరువు కోసం కట్టిన రాళ్లు, కింద చీలిక, ఆ చీలికలో బిగించిన రాయి. వాళ్ల లిపిలో ఈ బరమా బొమ్మే ఒక అక్షరంగా ఉంది, మొదటి రాజవంశాల నాటికే అది అంత మామూలు పనిముట్టు. ముందు రాగి గొట్టంతో మధ్యలో నిలువుగా తొలిచి, లోపల మిగిలిన రాతి కడ్డీని విరగ్గొట్టి తీసేసి, ఆ తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న రాళ్లను ఆ చీలికలో పెట్టి అటూ ఇటూ తిప్పుతూ పొట్టను వెడల్పు చేసేవాళ్లు. మూతి ఇరుకైతే రాయిని నిలువుగా లోపలికి దించి, అక్కడ అడ్డంగా తిప్పి బిగించేవాళ్లు. ఒకటి అరిగాక ఇంకొంచెం పొడవైనది.

మెత్తటి రాళ్లకైతే చెకుముకి రాయితో చేసిన నెలవంక ఆకారపు బరమాలు. ఇవి ఊహ కాదు, దొరికాయి. దక్షిణ ఈజిప్టులోని ప్రాచీన పట్టణం హీరకాన్‌పొలిస్‌లో దొరికాయి. ఫయూమ్ దగ్గర ఎడారిలో ఉమ్ ఎస్-సవ్వాన్ అనే జిప్సం గనిలో, 1920లలో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్, ఎలినార్ గార్డ్‌నర్ పరిశోధన చేసినప్పుడు ఇలాంటి చెకుముకి నెలవంకలు గుట్టలుగా కనిపించాయి, వాటితో పాటు సగం చేసిన పాత్రలూ కనిపించాయి. గని, పనిముట్టు, సగంలో వదిలేసిన సరుకు, మూడూ ఒకేచోట. ఒక్క వీడియోలోనైనా దీని గురించి ఒక్క నిమిషం చెప్పి ఉంటే నాకు ఈ ఉత్తరం రాయాలనిపించేది కాదేమో.

"రాగి మెత్తటిది, గ్రానైట్ గట్టిది, మరి రాగితో గ్రానైట్ ఎలా తెగుతుంది?" అని మీరు ప్రతిసారీ అడుగుతారు. సరైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, తెగేది రాగితో కాదు, ఇసుకతో. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద రాగి 3 దగ్గర ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ 7, గ్రానైట్‌లో ఉండేది ఆ క్వార్ట్జ్, దానికంటే కాస్త మెత్తటి ఫెల్డ్‌స్పార్. రాగి గొట్టం చేసే పని ఇసుకను పట్టుకుని తిప్పడం మాత్రమే. మన ఇళ్లలో రుబ్బురోలు లోపల ఎంత నున్నగా ఉంటుందో చూసే ఉంటారు, ఆ నునుపు ఉలితో వచ్చింది కాదు, ఏళ్ల తరబడి పొత్రం తిరిగి తిరిగి వచ్చింది. తిరిగే వస్తువు, మధ్యలో గరుకు పదార్థం, పైన బరువు, చాలినంత సమయం ఉంటే రాయి అరుగుతుంది, అరిగినచోట గుండ్రంగానే అరుగుతుంది.

బ్రిటన్‌కు చెందిన డెనిస్ స్టాక్స్ అనే ఆయన ఈ పనిముట్లను మళ్లీ తయారు చేసి, రాగి గొట్టాలతో, ఇసుకతో రాయిని తొలిచి చూపించాడు. గ్రానైట్‌లో పని చాలా నెమ్మది అని, రాగి బాగా ఖర్చవుతుందని కూడా ఆయనే రాశాడు. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి, మామూలు ఇసుక సరిపోయిందా లేక ఎమరీలాంటి ఇంకా గట్టి పొడి వాడారా అన్నదాని మీద పరిశోధకుల మధ్య వాదన ఉంది. మీరు తరచూ చూపించే ఆ గ్రానైట్ కడ్డీ, బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ గీజాలో సేకరించి 1883లో ప్రచురించినది, ఇప్పుడు లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో ఉన్నది, దాని మీది గాళ్లను చూసి పెట్రీయే గొట్టం అంచున రత్నాల్లాంటి గట్టి రాళ్లు పొదిగి ఉండాలనుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు, విడిగా పోసిన పొడితోనే ఆ పని అయిందన్నారు. వాదన ఉంది, నిజమే. కానీ ఆ వాదన ఏ పొడి వాడారు అన్నదాని మీద. మనుషులు చేశారా లేదా అన్నదాని మీద కాదు. ఈ తేడాను మీ వీడియోల్లో చెప్పకుండా "శాస్త్రవేత్తలకే అంతుచిక్కడం లేదు" అనేస్తున్నారు, అది న్యాయం కాదండీ.

ఇంకో పెద్ద సమస్య, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది. స్కాన్ చేసి చూపిస్తున్న ఆ కూజాల్లో చాలావరకు ప్రైవేటు వ్యక్తుల దగ్గరివి. వేలంలో కొన్నవి. ఏ ఊళ్లో, ఏ సమాధిలో, ఏ పొరలో, దేని పక్కన దొరికిందో రికార్డు ఉండదు. తవ్విన చోటు తెలియకపోతే ఆ వస్తువు 5,000 ఏళ్ల నాటిదా, నిన్న మొన్న మార్కెట్ కోసం చేసిందా అని తేల్చడం ఎంత కష్టమో ఆలోచించండి. రాయికి కార్బన్ డేటింగ్ కుదరదు. చోటు తెలియని అందమైన కూజా కంటే, చోటు తెలిసిన అందవికారమైన ముక్క ఎన్నో రెట్లు నమ్మదగిన సాక్షి. ఈజిప్టు 1983లో 117వ నంబరు చట్టం తెచ్చి పురాతన వస్తువుల వ్యాపారాన్ని నిషేధించింది. ఊరూ పేరూ లేని కూజాకు మనం ఇచ్చే ప్రచారం చివరికి ఆ మార్కెట్‌లో ధర పెంచడానికి పనికొస్తుంది, దాంతో ఎక్కడో ఇంకో సమాధిని దొంగలు తవ్వుతారు. మీరెవరూ అది కోరుకోరని నాకు తెలుసు.

ఇక చోటు తెలిసిన ముక్కల సంగతి. సక్కారాలో జోసెర్ రాజు మెట్ల పిరమిడ్ ఉంది కదా, సుమారు 4,700 ఏళ్ల నాటిది. దాని కింద సొరంగాల్లో 1930లలో జాఁ-ఫిలిప్ లోయెర్, జేమ్స్ క్విబెల్ తవ్వినప్పుడు దాదాపు 40,000 రాతి పాత్రలు బయటపడ్డాయి, నిండు పాత్రలు కొన్ని, నలిగి ముక్కలైనవి చాలా. ఆలబాస్టర్, సిల్ట్‌స్టోన్, డయోరైట్, గ్రానైట్, బ్రెక్సియా, రకరకాల రాళ్లు. వాటిలో కొన్నిటి మీద జోసెర్‌కు ముందు పాలించిన రాజుల పేర్లు చెక్కి ఉన్నాయి. అంటే తాతల నాటి సామాను తెచ్చి తన సమాధిలో పెట్టుకున్నాడు. ఒక్క రాజు కింద 40,000 అంటే, దేశంలో ఈ పని ఎంతమంది చేతుల మీద, ఎన్ని తరాలుగా నడిచి ఉండాలి! ఏదో ఒక వింత యంత్రం ఒకటో రెండో చేసి వెళ్లిపోయిన సరుకు కాదిది, పెద్ద పరిశ్రమ. పైగా అది మెల్లగా పెరగడం, తర్వాత మారడం కూడా మనకు కనిపిస్తుంది. రాజవంశాలకు ముందే, నఖాదా కాలం సమాధుల్లో బసాల్ట్ పాత్రలు ఉన్నాయి. మొదటి మూడు రాజవంశాల కాలంలో గట్టి రాళ్ల పాత్రలు బాగా ఎక్కువ. పిరమిడ్ల కాలం నడిచేకొద్దీ మెత్తటి ఆలబాస్టర్‌దే పైచేయి.

ఆ ముక్కల మీద రాతలు కూడా చదవండి, ఒక్కో ముక్క ఒక్కో వీడియోకు సరిపోతుంది. స్నెఫెర్‌కా అని ఒక రాజు ఉన్నాడు. మొదటి రాజవంశం చివరి రోజులవాడని అంచనా. ఆయన సమాధి ఎక్కడో తెలియదు, విగ్రహం లేదు, ఆయన ఏలాడని చెప్పేది రాతి పాత్రల మీద చెక్కిన ఆ పేరే. ఆ ముక్కల్ని ఎవరైనా చెత్త అని పారేసి ఉంటే చరిత్రలోంచి ఒక రాజే పోయేవాడు. మెట్ల పిరమిడ్ కింద దొరికిన ఇంకో పాత్ర మీద డెన్, అనెజిబ్, సెమెర్ఖెత్, ఖా అని నలుగురు రాజుల పేర్లు వరసగా ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరు చెక్కించుకున్నవి, ఎవరి తర్వాత ఎవరు ఏలారో తేల్చుకోవడానికి అది పనికొచ్చింది. కొన్ని పాత్రల మీద అనెజిబ్ పేరును గీకేసి సెమెర్ఖెత్ తన పేరు వేయించుకున్నాడు, ఆ గీకిన చోటు ఇప్పటికీ కనిపిస్తుంది. 5,000 ఏళ్ల కిందటి అధికారపు గొడవ ఒక గిన్నె మీద! మర్మం కావాలంటే ఇదిగో మర్మం, దీనికి వేరే గ్రహం అక్కర్లేదు.

ఈజిప్టు బయట దొరికిన ముక్కలు ఇంకో కథ. రెండో రాజవంశం చివరి రాజు ఖసెఖెమ్వి పేరున్న రాతి పాత్ర ముక్క లెబనాన్‌లోని బిబ్లోస్‌లో దొరికింది, దేవదారు కలప కోసం ఈజిప్టు వాళ్లు ఓడల్లో వెళ్లిన రేవు అది. గీజాలో రెండో పిరమిడ్ కట్టించిన ఖఫ్రే పేరున్న ముక్కలు సిరియాలో ఎబ్లా రాజభవనపు శిథిలాల్లో దొరికాయి, వాటితో పాటు మొదటి పెపి అనే ఈజిప్టు రాజు పేరున్న ఆలబాస్టర్ మూత కూడా. ఒక రాజు ఇంకో రాజుకు పంపిన కానుక కావచ్చు, చేతులు మారి మారి అక్కడికి చేరిందీ కావచ్చు. ఏదైనా, ఆ ముక్కల వల్లే రెండు దేశాల మధ్య రాకపోకలు ఉన్నాయని మనకు గట్టిగా తెలుస్తోంది.

మరి ఈ ముక్కలు లోకం నిండా ఎలా చెల్లాచెదురయ్యాయి అంటే, అది కూడా చెప్పాల్సిన కథే. అబైడోస్‌లో మొదటి రాజవంశపు సమాధులను 1895 నుంచి ఫ్రెంచి వాడైన ఎమిల్ అమెలినో తవ్వాడు. నిండుగా ఉన్నవే ఆయనకు కావాలి. పగిలిన పాత్రల్ని ఇంకా పిండి చేయించాడని ఆయన తర్వాత అక్కడికి వెళ్లిన పెట్రీ తన నివేదికలో మండిపడ్డాడు. 1899 నుంచి 1901 వరకు పెట్రీ అదే చోట, అవతలివాళ్లు పారేసిన గుట్టల్ని మళ్లీ వెతికించి, ముక్క ముక్కా ఏరించి, బొమ్మలు గీయించి, అచ్చు వేశాడు. మొదటి రాజవంశం రాజుల వరస గురించి మనకు తెలిసిన దానిలో పెద్ద భాగం అలా ఏరిన చెత్త నుంచి వచ్చిందే. అప్పటి పద్ధతి ప్రకారం తవ్వకాల్లో దొరికినవాటిలో కొన్ని కైరో మ్యూజియానికి, మిగతావి డబ్బు ఇచ్చిన విదేశీ మ్యూజియాలకు, సంస్థలకు పంచేశారు. కాబట్టి ఒకే గిన్నెకు చెందిన రెండు ముక్కలు రెండు దేశాల్లో ఉండే అవకాశం ఉంది. ఎవరో ఒకరు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అవి కలవవు. మ్యూజియంలు అన్ని ముక్కలకూ లోపలి వైపు ఫొటోలు కూడా పెట్టాలని నా కోరిక, చాలాచోట్ల బయటి వైపు ఒక్క ఫొటో తీసి వదిలేస్తారు. ఈ మాట మీలాంటి పదిమంది అడిగితే వాళ్లు వింటారు.

"మనుషుల వల్ల కాదు" అన్న మాట నాకు ఎందుకు ఇంత నొప్పిగా ఉందో కూడా చెబుతాను. ఇదే మాట మన గుళ్ల గురించి కూడా తెలుగు వీడియోల్లో వింటున్నాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి స్తంభాల మీద సూది దూరేంత సన్నటి రంధ్రాలను చూపించి, యంత్రం లేకుండా ఎలా సాధ్యం అంటారు. పొగుడుతున్నామనే అనుకుంటారు. కానీ ఆ పొగడ్త ఎవరికి చేరుతోంది? ఎండలో కూర్చుని, కళ్లలో రాతి పొడి పడుతుంటే, నెలల తరబడి ఆ రంధ్రం చేసినవాడికి మాత్రం చేరడం లేదు. అతని పేరు మనకు మిగల్లేదు, ఇప్పుడు అతని పనిని కూడా అతని దగ్గర్నుంచి తీసేసుకుంటున్నాం. నైలు ఒడ్డున బరమా తిప్పినవాడి విషయంలోనూ అంతే. ఇవాళ్టి ఈజిప్టు వాళ్లు తమ పూర్వీకుల పనిని వేరే గ్రహం వాళ్లకు కట్టబెడితే కోపం తెచ్చుకుంటారు, 2020లో ఒక పెద్ద అమెరికన్ వ్యాపారి పిరమిడ్లు గ్రహాంతరవాసులు కట్టారని ట్విటర్‌లో అంటే, ఈజిప్టు మంత్రి రానియా అల్-మషాత్ వచ్చి పిరమిడ్లు కట్టిన పనివాళ్ల సమాధులు చూడండి అని ఆయన్ని ఆహ్వానించారు. మర్యాదగానే చెప్పారు. కానీ ఆ మర్యాద వెనక ఎంత బాధ ఉంటుందో మనకు తెలియంది కాదు.

వ్యూస్ రావని మీరంటారు. వస్తాయండీ. పేరు గీకేయించుకున్న రాజు, ముక్కల మీద తప్ప ఎక్కడా మిగలని రాజు, సిరియాలో తేలిన ఖఫ్రే గిన్నె, పిండి చేయించినవాడు, ఏరించినవాడు, వీటిలో ఏది బోరు కొడుతుంది చెప్పండి? సరుకు కూడా ఉచితంగానే ఉంది. న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న లక్షల ఫొటోలను ఎవరైనా, వ్యాపారానికైనా సరే, అనుమతి అడగకుండా వాడుకునేలా వదిలేసింది. వాళ్ల సైట్‌లో ఇంగ్లీషులో 'ఈజిప్షియన్ స్టోన్ వెసెల్ ఫ్రాగ్మెంట్' అని కొట్టండి. పెట్రీ మ్యూజియంలో ఉన్న దాదాపు 80,000 వస్తువుల కేటలాగు కూడా ఆన్‌లైన్‌లో ఉంది, అక్కడ ఫొటోలు వాడే ముందు మాత్రం వాళ్ల నిబంధనలు చూసుకోండి. వస్తువు చూపించినప్పుడల్లా తెర మీద మూడు విషయాలు వేయండి: ఎక్కడ దొరికింది, ఎవరు తవ్వారు, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఏ నంబరుతో ఉంది. ఈ మూడూ లేని వస్తువైతే, లేవని చెప్పండి.

పాత వీడియోలు తీసేయమని అడగడం లేదు. వాటి మీద మీ నెలల శ్రమ ఉంది, నాకు తెలుసు. కనీసం ఒక్క వీడియోతో మొదలుపెట్టండి. మూడు రెక్కల సబూ పళ్లెం మీద మీలో చాలామంది చేశారు కదా, విమానపు ప్రొపెల్లర్ అని, ఇంజిన్ భాగమని. అది 1936లో వాల్టర్ ఎమెరీ సక్కారాలో సబూ అనే అధికారిదైన 3111 నంబరు సమాధిలో తవ్వి తీసింది, సిల్ట్‌స్టోన్‌తో చేసింది, సుమారు 61 సెంటీమీటర్ల వెడల్పు, ఇప్పుడు కైరోలో ఉంది. దొరికినప్పుడు అది ముక్కలుగా దొరికింది, మీరు చూపించేది అతికించాక తీసిన ఫొటో. ఎందుకు వాడారో తేలలేదన్నది నిజం, ఆ మాట అలాగే ఉంచండి. పగిలి దొరికిందన్న మాట, ఎక్కడ దొరికిందన్న మాట, అదే సమాధిలో మామూలు రాతి పాత్రలు, కుండలు కూడా ఉన్నాయన్న మాట, ఈ మూడింటినీ ఆ వీడియో కింద వివరణలో ఈ వారమే చేర్చండి.

ఇట్లు,
మీ వీడియోలు చూసే ఒక తెలుగు ప్రేక్షకుడు